అడుగున పేరు లేని కరపత్రం

నిజామాబాద్/బోధన్: ఎన్నికల కాలంలో నిజామాబాద్ పట్టణంలోని ముద్రణాలయాల్లో అచ్చయ్యే ప్రతి కరపత్రం అడుగున రెండు పేర్లు ఉండి తీరాలి. ఒకటి ముద్రించినవారిది, రెండోది ప్రచురించినవారిది. చిరునామాలూ ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం-1951లోని 127ఎ సెక్షన్ ఈ నిబంధన విధించింది. ప్రచురించేవారి నుంచి సంతకంతో కూడిన ప్రకటనను, వారిని ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో సహా తీసుకున్న తరువాతే ప్రెస్సువారు యంత్రం తిప్పాలి. అచ్చయిన ప్రతిని జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలి. ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆ రెండూ విధించవచ్చు.

అదే కరపత్రంలోని మాట సెల్‌ఫోన్‌లోకి ఎక్కిందంటే ఈ కట్టుబాట్లన్నీ ఊడిపోతాయి. ఎవరు రాశారో, ఎవరి సొమ్ముతో తయారైందో తెలియదు. పంపినవారి పేరు మాత్రమే కనిపిస్తుంది. ఆ పేరు బావమరిదిదో, కుల సంఘం పెద్దదో, దుబాయ్‌లో ఉన్న కొడుకుదో అయి ఉంటుంది. రాసినవారిని చూసి పుట్టవలసిన నమ్మకం పంపినవారిని చూసి పుడుతోంది. ఎన్నికల వేళ ఏ పార్టీకీ చెందని సమాచారం కోసం సామాజిక మాధ్యమాలపై ఆధారపడవచ్చునా అన్న ప్రశ్నకు జిల్లాలో జవాబు వెతకవలసింది ఇక్కడి నుంచే.

నిష్పాక్షిక సమాచారం అసలే లేదనుకోవడం పొరపాటు. అది ఉంది, అవసరానికి మించే ఉంది. అభ్యర్థుల ప్రమాణపత్రాలు, ఓటరు జాబితాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, గెజిట్ ప్రకటనలు అన్నీ అందరికీ అందుబాటులో ఉన్నవే. అయితే అవి ఉన్నచోటనే కూర్చుని ఓటరును రమ్మంటున్నాయి. పార్టీల మాట మాత్రం గుమ్మం దాటి వంటింట్లోకి, బీడీలు చుట్టే చాటల దాకా వస్తోంది.

మూడు భాషల సరిహద్దు

బోధన్ ప్రాంతానికి ఈ విషయంలో ప్రత్యేక పరిస్థితి ఉంది. మంజీర దాటితే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. పెళ్లిళ్లు, అంగళ్లు, చెరకు బండ్లు ఏనాడూ ఆ సరిహద్దును పట్టించుకోలేదు. పట్టణంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. అధికారుల ప్రకటన ఒక భాషలో వస్తే, దానిపై వ్యాఖ్యానాలు మిగిలిన రెండు భాషల్లో ఫోన్లలో తిరుగుతాయి. మూల ప్రకటన చదవని వారికి వ్యాఖ్యానమే ప్రకటన అవుతుంది. పైగా రెండు రాష్ట్రాల ఎన్నికల తేదీలు వేరు. మహారాష్ట్ర శాసనసభకు 2024 నవంబరు 20న పోలింగ్ జరిగింది. అప్పటికి తెలంగాణలో శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు రెండూ ముగిసిపోయాయి. అయినా నది అవతలి హామీ, అవతలి ఆరోపణ, అవతలి సభలో మాట్లాడిన మాట ఇవతలి గ్రూపుల్లోకి రాకుండా ఆపగలిగే గేటు ఏదీ లేదు.

రెండో దారి గల్ఫ్ నుంచి వస్తుంది. ఆర్మూర్, బాల్కొండ మొదలుకొని మెట్‌పల్లి, కోరుట్ల వరకు గల్ఫ్ దేశాలకు మనిషిని పంపని ఊరు అరుదు. అక్కడి గదుల్లో పని ముగిశాక చేతిలో ఉండేది ఫోనే. ఊరి రాజకీయం మీద ఆసక్తి దూరం వల్ల తగ్గదు, పెరుగుతుంది. ఇంటికి డబ్బు పంపే మనిషి పంపిన సందేశానికి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ సందేశాన్ని ఆయనకు ఎవరు పంపారన్నది మాత్రం ఎవరూ అడగరు.

185 మంది, 12 యంత్రాలు

ఎన్నికల సమాచారం ఓటరుకు ఎంత అవసరమో, అది లేకపోతే ఏమవుతుందో పరీక్షించిన సందర్భం ఈ జిల్లాకే దక్కింది. 2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు. వారిలో 178 మంది స్వతంత్రులు, అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. పసుపునకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయల ధర కావాలన్నది వారి కోరిక. సాధారణ అభ్యర్థికి ధరావతు 25,000 రూపాయలు. గెలవమని తెలిసి, డిపాజిట్ దక్కదని కూడా తెలిసి కట్టిన సొమ్ము అది. ఇలాంటి నిరసన తెలుగు నేలకు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీటి సమస్యపై 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది బరిలోకి దిగగా, బ్యాలెట్ పుస్తకమంత అయింది. అక్కడ పోలింగే వాయిదా పడింది.

నిజామాబాద్‌లోనూ కాగితపు బ్యాలెట్ తప్పదనే మొదట అనుకున్నారు. ఎన్నికల సంఘం చివరకు ఎం-3 రకం ఓటింగ్ యంత్రాలను ఎంచుకుంది. పాత ఎం-2 యంత్రానికి నాలుగు బ్యాలెట్ యూనిట్లు, అంటే 64 పేర్లు మాత్రమే పడతాయి. ఎం-3కి 24 యూనిట్ల వరకు తగిలించవచ్చు. ఒక్కో యూనిట్‌లో 16 మీటలు. 185 మంది అభ్యర్థులకు ‘నోటా’ కలిపితే 186. పన్నెండు యూనిట్లకు 192 మీటలు. అలా ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లను ‘ఎల్’ ఆకారంలో బల్లలపై పరిచారు. 1,778 కేంద్రాలకు లెక్కవేస్తే 21 వేలకు పైగా యూనిట్లు. సరిచూడటానికి, సీలు వేయడానికి ఇంజినీర్లను రప్పించారు. పోలింగ్ వేళలు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు మార్చారు.

ఓటరు వైపు నుంచి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. తాను ఓటు వేయదలచుకున్న వ్యక్తి ఏ బల్లపై, ఏ యూనిట్‌లో, ఎన్నో వరుసలో ఉన్నారు? ఇది ఏ పార్టీకీ చెందని, ఏ అభిప్రాయమూ లేని శుద్ధ సమాచారం. గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీల అభ్యర్థులు ముందు, నమోదైనా గుర్తింపు లేని పార్టీల వారు ఆ తరువాత, స్వతంత్రులు చివర, ఒక్కో వర్గంలో అక్షరక్రమంలో వస్తారన్న నియమం తెలిసినవారికి ప్రధాన పార్టీలు మొదటి యూనిట్‌లోనే ఉంటాయని అర్థమవుతుంది. తెలియనివారికి పన్నెండు యంత్రాలు చూడగానే చేయి వణకడం సహజం. పక్క ఊరి పసుపు రైతుకు ఓటు వేద్దామని వచ్చినవారి కష్టం ఇంకా ఎక్కువ. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు కలిగినవారు పదుల సంఖ్యలో ఉన్న జిల్లాలో వరుస సంఖ్య, గుర్తు, ఫొటో మూడూ గుర్తు పెట్టుకుంటే తప్ప సరైన మీట దొరకదు.

ఆ సమాచారాన్ని ఓటరుకు చేర్చడానికి ఎన్నికల యంత్రాంగం ఎంచుకున్న దారి పాతదే. నమూనా యంత్రాలతో ప్రదర్శనలు పెట్టి, చేతితో మీట నొక్కించి చూపారు. తడబాటు ఉన్నా ఎన్నిక సాగింది, ఫలితం వచ్చింది. భాజపా అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల ఆధిక్యంతో నాటి ఎంపీ కల్వకుంట్ల కవితపై గెలిచారు. ఫలితం ఎవరికి అనుకూలమన్నది అలా ఉంచితే, 185 పేర్ల మధ్య ఓటరు తాను కోరుకున్న మీటను వెతుక్కోగలగడానికి కారణం కళ్లెదుట చూపించిన మనిషి, నమూనా యంత్రం. సామాజిక మాధ్యమాలు ఆ ఎన్నికను దేశమంతటికీ వింతగా చూపించాయి. ఏ వరుసలో ఎవరున్నారో ఇక్కడి ఓటరుకు చూపించిన ఘనతను వాటికి కట్టబెట్టలేం.

రెండు పుకార్లు

అదే సంవత్సరం దేశమంతటా తిరిగిన రెండు తప్పుడు సందేశాలు ఈ జిల్లాకు అతికినట్లు సరిపోయాయి. విదేశాల్లో ఉన్న భారతీయులు ఇకపై ఆన్‌లైన్‌లో ఓటు వేయవచ్చునన్నది మొదటిది. అది ఎంతగా వ్యాపించిందంటే ఎన్నికల సంఘం ఢిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేయవలసి వచ్చింది. చట్టంలో ఉన్నది వేరు. 2010 సవరణతో చేర్చిన 20ఎ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉంటూ అక్కడి పౌరసత్వం తీసుకోనివారు 6ఎ ఫారంతో సొంత ఊరి జాబితాలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఓటు మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఆ పోలింగ్ కేంద్రానికి వచ్చి వేయాలి. గల్ఫ్‌లో సెలవు దొరకని కార్మికుడికి ఇది హక్కు ఉండీ లేనట్టే. ఆన్‌లైన్ ఓటు కబురు అతడి ఆశను సొమ్ము చేసుకున్న అబద్ధం.

రెండోది మరింత ప్రమాదకరమైనది. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘ఛాలెంజ్ ఓటు’ అడగవచ్చని, మన ఓటు ఇంకెవరో వేసి ఉంటే ‘టెండర్ ఓటు’ వేయవచ్చని, ఒక కేంద్రంలో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ తప్పదని అది చెప్పింది. మూడు మాటల్లో మధ్యది మాత్రమే నిజం. ఎన్నికల నిర్వహణ నియమాలు-1961లోని 49పి నియమం కింద, తన పేరుతో అప్పటికే ఓటు పడిపోయిందని తెలిసిన ఓటరు ప్రిసైడింగ్ అధికారిని సంతృప్తిపరిస్తే కాగితంపై టెండర్ ఓటు ఇస్తారు. ఛాలెంజ్ అన్నది ఓటరు చేసేది కాదు, ఓటరు గుర్తింపును శంకించి పోలింగ్ ఏజెంటు చేసేది. అందుకు రెండు రూపాయలు కట్టాలి. జాబితాలో పేరు లేనివారికి ఆధార్ ఉన్నా ఓటు లేదు. 14 శాతం నిబంధన ఎక్కడా లేదు. పుకారులో నియమాల సంఖ్యలు కూడా ఉండటం వల్లనే చదువుకున్నవారు సైతం నమ్మారు. సెక్షన్ పేరు కనిపిస్తే చాలు, చట్టమే మాట్లాడినట్టు భావించడం మన అలవాటు.

దీని నష్టం పోలింగ్ రోజునే బయటపడుతుంది. నెల ముందు జాబితాలో పేరు చూసుకోవలసిన మనిషి, ఆ సందేశాన్ని నమ్మి ధీమాగా ఉండిపోతే క్యూలో నిలబడిన తరువాత గాని ఓటు లేదని తెలియదు. 1950 నంబరుకు ఒక్క ఫోను చేసి ఉంటే నామినేషన్ల గడువుకు ముందే తెలిసేది.

తేదీ లేని నిజాలు

పచ్చి అబద్ధాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పట్టుకుంటారు. చెరకు ప్రాంతాన్ని ఎక్కువగా పీడిస్తున్నది అబద్ధం కాదు, తేదీ తీసేసిన నిజం.

నిజాం చక్కెర కర్మాగారం సంగతే చూద్దాం. 1937లో శక్కర్‌నగర్‌లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఈ సంస్థలో 51 శాతం వాటాను 2002లో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం ప్రైవేటువారికి అప్పగించింది. నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు నడిచాయి. 2014 ఎన్నికల ముందు తెరాస, కర్మాగారాన్ని తిరిగి ప్రభుత్వపరం చేస్తామన్నది. 2015 డిసెంబరులో మూడు యూనిట్లూ లేఆఫ్‌లోకి వెళ్లాయి. 2019లో నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2023 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ పునఃప్రారంభానికి హామీ ఇచ్చి అధికారంలోకి వచ్చింది. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది.

ఈ వరుసలో ఏ అడుగును విడిగా తీసుకున్నా నిజమే. ‘కర్మాగారం తెరవడానికి కమిటీ’ అన్న వార్త నిజం, ‘ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది’ అని ఒకనాడు ప్రకటించడమూ నిజం, ‘అమ్మేశారు’ అన్నదీ నిజమే. ఒక్కో పార్టీ తనకు పనికివచ్చే అడుగును మాత్రం కత్తిరించి, పాత పత్రికల క్లిప్పింగుతో, పొగ వస్తున్న నాటి చిమ్నీ ఫొటోతో ఫోన్లలోకి వదులుతుంది. చదివిన రైతుకు అది ఈ వారం సంగతో, పదేళ్ల నాటిదో తెలియదు. చెరకు వేయాలా, వరి వేయాలా, కామారెడ్డి జిల్లా మిల్లులకు తోలాలా అని లెక్కవేసుకునే మనిషికి తేదీయే ప్రాణం. తేదీ లేని ఆశ మీద నాటిన చెరకు ఏడాది పాటు పొలంలో ఉంటుంది. లేఆఫ్ నాటి బకాయిల కోసం తిరిగిన కార్మిక కుటుంబాలకైతే ప్రతి కొత్త సందేశమూ పాత గాయాన్ని కెలికేదే.

పసుపు బోర్డుదీ ఇదే వరస. 2019లో అర్వింద్ బాండు పేపరుపై రాసిచ్చిన హామీ చాలాకాలం ఫోన్లలో తిరిగింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం నిజామాబాద్‌లో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయాన్ని ప్రకటించింది. ఒక వర్గం దానినే బోర్డుగా చూపింది, మరో వర్గం ఏమీ రాలేదన్నది. వాస్తవానికి వచ్చింది ప్రాంతీయ కార్యాలయం. అడిగింది ప్రత్యేక బోర్డు. రెంటికీ తేడా చెప్పే నాలుగు వాక్యాలు ఎవరి గ్రూపులోనూ పెద్దగా తిరగలేదు, ఎందుకంటే ఆ తేడా ఎవరికీ ఓట్లు తేదు. తరువాత 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని మోదీ జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. ఆ నెలలోనే ప్రకటన వెలువడింది. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైంది, జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయాన్ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. బోర్డు వచ్చింది. బోర్డు రాక వేరు, మద్దతు ధర వేరు. 2019లో నామినేషన్లు వేసిన రైతుల కోరికలో రెండో సగం ధర గురించి. ‘బోర్డు వచ్చింది’ అన్న సందేశం చదివి ధర కూడా ఖాయమైందనుకునేవారికి, ‘ఏమీ రాలేదు’ అన్నది చదివి బోర్డే లేదనుకునేవారికి ఒకే రకమైన నష్టం జరుగుతోంది.

తేదీ చెరిపివేయడం, మాట కత్తిరించడం కలిస్తే ఏమవుతుందో 2024 ఏప్రిల్‌లో రాష్ట్రం చూసింది. అమిత్ షా 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో ముస్లిం రిజర్వేషన్ల గురించి చేసిన ప్రసంగాన్ని, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు ఎత్తివేస్తామన్నట్టుగా మార్చిన వీడియో లోక్‌సభ ఎన్నికల నడుమ తిరిగింది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికి సైతం నోటీసు పంపారు. కేసు ఎటు తేలినా, ఆ వీడియో చూసి ఓటు నిర్ణయించుకున్నవారికి ఆ తేల్పు పనికిరాదు.

మూడు గంటల గడువు

చట్టం పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చుందని చెప్పలేం. 2013 అక్టోబరు 25న ఎన్నికల సంఘం సామాజిక మాధ్యమాలకు నిబంధనలు విధించింది. అభ్యర్థులు తమ ఖాతాల వివరాలను ప్రమాణపత్రంలో చూపాలి. రాజకీయ ప్రకటనలకు జిల్లా స్థాయిలోని మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. రాతలకు, బొమ్మలకు మనుషులను పెట్టుకుంటే వారి జీతాలు కూడా అభ్యర్థి ఖర్చులో కలుస్తాయి. అయితే ఒకరు తమ సొంత ఖాతాలో పెట్టుకునే రాత, ఫొటో, వీడియో ప్రకటన కిందికి రావని అదే ఉత్తర్వు చెప్పింది. భావప్రకటన స్వేచ్ఛ దృష్ట్యా అది న్యాయమే. కానీ వెయ్యి సొంత ఖాతాల్లో ఒకే రోజు ఒకే రాత ఎలా పుడుతుందో ప్రతి పార్టీ కార్యాలయానికీ తెలుసు.

2019 మార్చి 20న ఫేస్‌బుక్, ట్విటర్, గూగుల్, వాట్సాప్, షేర్‌చాట్ తదితర సంస్థలు స్వచ్ఛంద నియమావళికి ఒప్పుకున్నాయి. పోలింగుకు ముందు 48 గంటల నిశ్శబ్ద కాలాన్ని ఉల్లంఘించే వాటిపై సంఘం నుంచి ఫిర్యాదు అందిన మూడు గంటల్లో చర్య తీసుకుంటామన్నాయి. ఆ ఎన్నికల్లో మొత్తం 909 పోస్టులు తొలగించినట్టు సంఘం ప్రకటించింది. వాటిలో ఫేస్‌బుక్‌లో 650, ట్విటర్‌లో 220, షేర్‌చాట్‌లో 31, యూట్యూబ్‌లో 5. వాట్సాప్‌లో ఎన్ని? మూడు. జిల్లాలో ఊరూరా వాడేది ఏదో, తొలగింపు జరిగింది ఎక్కడో ఈ అంకె చెబుతుంది. మూసిన గ్రూపులో ఏం తిరుగుతోందో సంస్థ చూడలేదు, కమిటీ చూడలేదు. గ్రూపులో ఉన్నవారే చెప్పాలి. వారు చెప్పరు, పంపింది బావమరిది కదా.

2024 మే 6న, తెలంగాణ పోలింగుకు వారం ముందు, నకిలీ వీడియోలను తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసివేయాలని సంఘం పార్టీలనే ఆదేశించింది. మూడు గంటల్లో ఒక వీడియో సాలూర చెక్‌పోస్టు నుంచి సౌదీ దాకా ఎన్నిసార్లు వెళ్లి వస్తుందో ఊహించుకోవచ్చు.

ఉన్నదానిని చేరవేయడం

నిష్పాక్షిక సమాచారానికి పునాది వేసింది న్యాయస్థానమే. అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో 2002లోను, తరువాత 2003లోను సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు ఓటరుకు తెలిసే హక్కుగా మారాయి. 2020 ఫిబ్రవరి 13 తీర్పు ఇంకో అడుగు వేసి, నేరచరిత్ర ఉన్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు పత్రికల్లోనే గాక తమ ఫేస్‌బుక్, ట్విటర్ ఖాతాల్లోనూ ప్రకటించాలంది. పార్టీ చేతనే, పార్టీ ఖాతాలోనే, దానికి ఇష్టం లేని సమాచారం పెట్టించిన అరుదైన నిబంధన ఇది. పార్టీలు దానిని పాటించే తీరు మాత్రం తెలిసిందే. ఎవరూ చూడని వేళ, ఎవరూ చదవని అక్షరాల్లో పెట్టి చేతులు దులుపుకొంటారు.

ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ప్రతి అభ్యర్థి ప్రమాణపత్రం ఉంటుంది. 2019లో 185 మందివీ పెట్టవలసి వచ్చింది. కానీ అవి కాగితాలను ఫొటో తీసిన ఫైళ్లు. చేతిరాత కాగితాలు, స్టాంపులు, వంకరగా పడిన పేజీలు. వాటిలో ఒక పేరు వెతకడం సాధ్యం కాదు, ఫోన్ తెరపై చదవడం ఇంకా కష్టం. అదే అభ్యర్థి ప్రచార వీడియో ముప్పై సెకన్లు, మంచి పాటతో. పోటీ ఎవరిది గెలుస్తుందో వేరే చెప్పాలా?

నిజానిజాలు తేల్చే సంస్థలు తెలుగులోనూ ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా 2014 నుంచి పనిచేస్తున్న ఫ్యాక్ట్‌లీ తెలుగులో వాస్తవ పరిశీలన అందిస్తోంది. 2019 ఏప్రిల్‌లో వాట్సాప్ తోడ్పాటుతో మొదలైన చెక్‌పాయింట్ టిప్‌లైన్ తెలుగు సందేశాలనూ స్వీకరించింది, అయితే అది ప్రధానంగా పరిశోధన కోసమేనని తరువాత తేలింది. అడిగినవారందరికీ జవాబు రాలేదు. 2024లో కృత్రిమ వీడియోలను పరిశీలించే ఉమ్మడి హెల్ప్‌లైన్ కూడా తెలుగును చేర్చుకుంది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. కానీ బోధన్ మండలంలోని ఒక చెరువు గురించో, ఒక సర్పంచి అభ్యర్థి అప్పు గురించో పుట్టే పుకారును రాజధానిలోని సంస్థ పరిశీలించలేదు. స్థానిక అబద్ధానికి స్థానికంగానే జవాబుండాలి.

అది ఎలా ఉంటుందో 2018లో గద్వాల చూపింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో తెలంగాణలో అమాయకుల ప్రాణాలు పోయిన వేసవి అది. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఒక్కో ఊరికి ఒక పోలీసును కేటాయించి, డప్పు వాయించి, పాటలు కట్టించి పుకార్లను ఎదుర్కొన్నారు. గ్రూపుల్లో ఏం తిరుగుతోందో పోలీసులకు ఊరివారే చెప్పారు, ఎందుకంటే చెప్పవలసిన మనిషి ముఖపరిచయం ఉన్నవాడు. ఫోనులో పుట్టిన పుకారును డప్పుతో ఆపడం వింతగా తోచవచ్చు. నమ్మకం మనిషి ద్వారా ప్రయాణిస్తుందని గ్రహించిన పద్ధతి మాత్రం అదే.

పంచాయతీ ఎన్నికలకు ఇది మరీ అవసరం. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగిన గ్రామ పంచాయతీ ఎన్నికలు చట్టం ప్రకారం పార్టీరహితం. బ్యాలెట్‌పై పార్టీ గుర్తులుండవు. అయినా లెక్కింపు పూర్తి కాకముందే ‘మా మద్దతుదారులే ఇన్ని చోట్ల గెలిచారు’ అంటూ ప్రతి పార్టీ తన జాబితాతో సామాజిక మాధ్యమాలను నింపింది. అందరి అంకెలూ కలిపితే ఉన్న సర్పంచుల కంటే ఎక్కువయ్యే పరిస్థితి. పార్టీ పేరే లేని ఎన్నికలో పార్టీల లెక్క సరిచూడటానికి అధికారిక అంకె ఏదీ ఉండదు, కాబట్టి ఎవరి అంకె వారిదే. సర్పంచి ఎవరి మనిషన్న చర్చలో, ఆయన ఏం చేస్తానన్నారు, ఆస్తులేమిటి, కేసులున్నాయా అన్నది మరుగున పడింది.

ఆ వివరాలు లేక కాదు. సర్పంచి అభ్యర్థి కూడా నామినేషన్‌తో పాటు నేరచరిత్ర, ఆస్తులు, విద్యార్హతలపై స్వీయ ప్రకటన ఇవ్వాలి. అది రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీదికి వస్తుంది. రెండు రోజులకు వానకో ఎండకో ముడతపడుతుంది. ఆ కాగితాలను స్పష్టంగా ఫొటో తీసి, కింద తేదీ, అధికారి హోదా వేసి, తెలుగులోనే గాక బోధన్ వైపు ఉర్దూ, మరాఠీల్లో కూడా నాలుగు ముక్కలు రాసి ఊరి గ్రూపులో పెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. పంచాయతీ కార్యదర్శి చేతిలో ఫోను ఉంది. ఊరి గ్రూపులో ఆయన ఇప్పటికే ఉన్నారు. ఇంటిపన్ను గడువు, తాగునీటి సరఫరా వేళలు ఆయన అక్కడే పెడుతున్నారు.